రెండో పెద్ద దొరకని సంఘం

మా కూటం నడిపిన ఆయన పోయాడని మొన్న ఖరగ్‌పూర్ ఇందా పేటలో బస్సు కోసం నిలబడి ఉంటే దానయ్య చెప్పాడు. చెప్పి, బాధేమైనా కనబడుతుందేమోనని నా మొహంలోకి చూశాడు. నాకు కలిగింది జాలి. అదీ ఆయన మీద కాదు. పరలోకంలో సింహాసనం చుట్టూ ఇరవై నలుగురు పెద్దలు కూర్చుని ఉంటారని మా గ్రంథం చెబుతుంది. పాపం, ఇన్ని యుగాలుగా నిశ్చింతగా కూర్చున్నవాళ్ళు. ఈపాటికి ఆయన అక్కడికి చేరి, ఒక్కొక్కరినీ తట్టి చూసి, సగానికి పైగా లేపేసి ఉంటాడు. మిగిలినవాళ్ళని కూడా, ఇంటి సంగతులు విచారణ అయ్యేదాకా కిరీటాలు తీసి పక్కన పెట్టమని ఉంటాడు.

"సమాధికి వెళ్ళావా?" అని అడిగాను.

"ఎల్లినాను. ప్రార్థన సెయ్యడానికే ఎవులూ నేరు. మాలో ఎవులికీ అర్హత నేదని ఆయనే సెప్పీసినాడు గదా."

"మరేం చేశారు?"

"ఏటి సేస్తాం. ఊరికే మట్టేసి వొచ్చీసినాం."

పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు. ఆ మాట పుట్టించినవాడు ఈయన్ని ఎరగడు. నాకు ఆయనంటే అసహ్యం. బతికుండగా అసహ్యం, ఇప్పుడూ అసహ్యం. గోరంతని కొండంత చేసి చెబుతానని మా రైల్వే వాళ్ళ ట్రాఫిక్ కాలనీలో నాకొక పేరుంది. ఈ ఒక్క మనిషి విషయంలో మాత్రం కొండని గోరంత చేసి చెప్పాల్సి వస్తోంది. ఉన్నదున్నట్టు చెబితే మీరు నమ్మరు.

ఆయన రైల్వేలో టి.ఎక్స్.ఆర్. బండి స్టేషనులో ఆగగానే పొడవాటి సుత్తి పట్టుకుని చక్రం చక్రం తట్టుకుంటూ పోయే ఉద్యోగం అది. ఖంగుమంటే చక్రం మంచిది. బొంగురుగా మోగితే లోపల పగులున్నట్టు. పగులున్న పెట్టె మీద సుద్దముక్కతో ‘సిక్’ అని, అంటే జబ్బు పడిందని, రాస్తే చాలు, ఎంత పెద్ద ఆఫీసరు ఎక్కిన పెట్టయినా దాన్ని విడదీసి పక్క లైనులోకి తోసెయ్యాల్సిందే. మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం అంత పొడుగ్గా ఎందుకు కట్టారో చాలామందికి తెలీదు. ఆయన సిక్ రాసిన పెట్టెలు నిలబెట్టడానికి చోటు చాలక. ఒకసారి పూరీ వెళ్ళే బండికి ఇంజనుతో సహా అన్నిటికీ సిక్ రాసేసి, గార్డు ఒక్కణ్ణి మాత్రం జెండా పట్టుకుని నడిచి వెళ్ళమన్నాడు. ఇది నేను కళ్ళారా చూడలేదు గానీ, చూసినవాడితో కలిసి టీ తాగాను.

ఆయన బలమంతా కుడిచెవిలో ఉండేది. దాన్ని ఆయన పనిముట్టులా చూసుకునేవాడు. కుర్చీలో వెనక్కి వాలి, అగ్గిపుల్ల పెట్టి మెల్లగా తిప్పి, పుల్ల చివర వచ్చినదాన్ని వెలుతురులో పట్టి పరిశీలించి, కుర్చీ చెయ్యి అడుగున రాసేవాడు. ప్రార్థన కూటం మొదలయ్యే ముందు ఇది తప్పనిసరి. ఆ కుర్చీని నేనొకసారి జరపబోయి అడుగున చెయ్యి పెట్టాను. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

కూటంలో ఎవరైనా లేచి ప్రార్థన చేస్తుంటే ఆయన తల వంచి ఆ చెవి అటు తిప్పేవాడు. ప్రార్థన దేవుడి దగ్గరకు పోయేముందు ఆ చెవి దాటి పోవాలి. చివర్లో ‘ఆమేన్’ అన్నాడంటే ఖంగుమన్నట్టు. ఊరుకున్నాడంటే పగులున్నట్టు. లోకోలో ఫైర్‌మన్‌గా బొగ్గు ఎగదోసే దానయ్య అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన చేత ఆమేన్ అనిపించుకోలేదు. ఎదుట ‘అన్నగారూ’ అని పిలిచేవాళ్ళం. వెనకాల ‘సుద్దముక్క’ అనేవాళ్ళం.

అసలు మేమంతా మొదట మిషను చర్చి వాళ్ళమే. అక్కడ ముందు బెంచీలు ఆఫీసు గుమాస్తాలవి, నడిమివి ఫిట్టర్లవి, గుమ్మం దగ్గర చాప ఖలాసీలది. ఎవరూ రాసి పెట్టలేదు, అలా జరిగిపోయింది. రొట్టె, ద్రాక్షారసం కూడా అదే వరసలో వచ్చేవి. ఒక ఆదివారం ఈయన లేచి నిలబడ్డాడు. అపొస్తలుల కాలంలో సంఘం ఇలా కూడుకుందా అని అడిగాడు. జీతానికి ఒక మనిషిని పెట్టుకుని, అతను మాట్లాడుతుంటే అందరూ నోరు మూసుకుని కూర్చోమని ఎక్కడ ఉందో చూపించమన్నాడు. సంఘానికి పెద్దలు ఉండాలని ఉంది గానీ, ఒక్క దొర ఉండాలని ఎక్కడుందన్నాడు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మాలో కొన్ని కుటుంబాలు ఆయన వెంట బయటికొచ్చేశాయి.

ట్రాఫిక్ కాలనీలో ఆయన క్వార్టరు ముందుగదిలో కూడుకునేవాళ్ళం. వేదిక లేదు, బెంచీ లేదు. గది నడుమ చిన్న బల్ల, దాని మీద ఒకే రొట్టె, ఒకే గిన్నె. చుట్టూ నేల మీద మేము. ఆత్మ ప్రేరేపించినవాడు లేచి పాట ఎత్తుకునేవాడు, ప్రార్థన చేసేవాడు. ఖలాసీ ప్రార్థన చేస్తే గుమాస్తా ఆమేన్ అనేవాడు. ఆ మొదటి రోజులు బాగుండేవి, కాదనను. ఆ గదిలో కూర్చుంటే మొదటి శతాబ్దపు విశ్వాసులతో మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నట్టుండేది. ఆయన చెప్పినవన్నీ గ్రంథంలో ఉన్నవే. నాకు మింగుడు పడనిది అదే. అబద్ధాలు చెప్పిన మనిషైతే నాలుగు తిట్టి మరిచిపోదును.

ఆ రొట్టె చేసేది మార్తమ్మ. బొబ్బిలి వైపు మనిషి. మొగుడు ఖలాసీ, షంటింగులో పెట్టెల మధ్య పడి పోయాడు. కొడుక్కి ఆ ఉద్యోగమే ఇచ్చారు. ఒంటిగది క్వార్టర్లో కొడుకుతో ఉండేది. చదువు రాదు. మా అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ అప్ప. శనివారం గోధుమలు తనే విసిరి, జల్లించి, పులుపు లేకుండా ఉప్పు లేకుండా ముద్ద చేసి పెనం మీద మందంగా కాల్చేది. ఆ పూట ఇంట్లో ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడేది కాదు. కోపం పిండిలోకి దిగుతుందట. ఆదివారం ఆయన ఆ రొట్టెను వేలితో తట్టి చూసేవాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడని కూడా నేను చెబుతుంటాను గానీ, అది నా కల్పన.

మార్తమ్మ మాత్రం ఆయన చెప్పిన ప్రతి మాటా నమ్మింది. మిషను చర్చి బల్ల మనుషుల బల్ల, మనది ప్రభువు బల్ల అని ఆయన అంటే, ఆ మాట కొంగున ముడేసుకుంది.

పోను పోను నియమాలు పెరిగాయి. చప్పట్లు వద్దన్నాడు. ఆడవాళ్ళ గాజులు వద్దన్నాడు. క్రిస్మసుకి గుమ్మానికి నక్షత్రం కట్టినవాళ్ళ ఇంటిముందు నిలబడి, అది విప్పేదాకా కదల్లేదు. మాకున్న ఒక్కగానొక్క హార్మోనియాన్ని దుప్పటిలో చుట్టించి తన మంచం కిందికి తోయించాడు. అపొస్తలులు హార్మోనియం వాయించినట్టు ఎక్కడా లేదు. అపొస్తలులు రైల్వే పాసు మీద ప్రయాణం చేసినట్టు కూడా ఎక్కడా లేదని నేనంటే, ఆ నెల నా ప్రార్థనలు వేటికీ ఆమేన్ రాలేదు.

ఇక రెండో పెద్ద కథ.

సంఘంలో పెద్దలు ఒకరికి మించి ఉండాలి. ఇది ఆయనే చెప్పాడు. "నేనొక్కడనే ఏలుట క్రమము కాదు. రెండవ పెద్దను ప్రభువు చూపించువరకు మాత్రమే ఈ భారము మోయుచున్నాను" అని కూటంలో అన్నప్పుడు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పెద్దకి ఉండాల్సిన లక్షణాలు పౌలు తన ఉత్తరాల్లో చెప్పాడు. ఒకే భార్య ఉండాలి, పిల్లలు అదుపులో ఉండాలి, తాగకూడదు, కొట్టకూడదు, సాత్వికుడై ఉండాలి, అతిథుల్ని ఆదరించాలి, బోధించగలగాలి. పౌలు ఆ మాటలు రాసింది మనుషుల్ని వెతుక్కోడానికి. ఈయన వాటిని సుత్తి చేసుకున్నాడు.

మొదట తట్టింది దానయ్యని. అతిథిమర్యాద పరీక్ష. ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా దానయ్య ఇంటికెళ్ళి పీట మీద కూర్చున్నాడు. ఎండురొయ్యలు గోంగూర. దానయ్య పెళ్ళాం తన వాటా కూడా ఆయన కంచంలోకే వంచింది. ఆయన వేళ్ళు నాకి, కంచం అంచు వేలితో తుడిచి అదీ నాకి, త్రేన్చి, కడుక్కుని, వచ్చే ఆదివారం తీర్పు చెప్పాడు.

"అతిథిప్రియుడే. కాని వడ్డించునప్పుడు భార్యను గద్దించెను. సాత్వికుడు కాడు."

దానయ్య తెల్లబోయాడు. "కూర సల్లారిపోతాదని బేగి తెమ్మన్నాను అన్నగారూ. తమరికే గదా."

"గద్దింపు గద్దింపే."

ఆ లెక్కన అందరిళ్ళలోనూ తిన్నాడు. ఆయన గడపలో మేము అన్నేళ్ళు కూడుకున్నాం గదా, ఎండాకాలం ఎవరైనా మంచినీళ్ళడిగితే వీధి కుళాయి చూపించేవాడు. లోపల ఆయన భార్య కుండ మీద మూత చప్పుడు కాకుండా పెట్టేది. పాపం, ఆమె ఆ ఇంట్లో ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చేది.

ఊరి చివర హిజ్లీలో కాలేజీ ప్రయోగశాలలో పనిచేసే ఒక బ్రహ్మచారి సైకిలు మీద వచ్చేవాడు. నెమ్మదైనవాడు, బాగా బోధించేవాడు. ఒకే భార్య ఉండాలి కదా, ఇతనికి ఆ ఒకటీ లేదు గనక పనికిరాడన్నాడు. కుర్రాడు సెలవు పెట్టి పార్వతీపురం వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చాడు. ఇంటిని ఏలగలడో లేదో తెలియాలి, పిల్లలు పుట్టనీ అన్నాడు. పిల్లాడు పుట్టాడు. ఆ చంటివాణ్ణి ఎత్తుకుని కూటానికొస్తే వాడు ఆరాధన మధ్యలో గుక్కపట్టి ఏడ్చాడు.

"స్వాధీనములో లేడు" అన్నాడాయన.

స్టోర్సులో గుమాస్తా ఒకాయన అన్ని పరీక్షలూ దాటాడు. భార్య నిదానస్తురాలు, పిల్లలు రాళ్ళలా కూర్చునేవాళ్ళు, కాఫీ కూడా తాగడు. ఈయన తల గోక్కుని, గోక్కుని, చివరికి, "ఇంత నిందారహితుడు గర్వించును" అన్నాడు.

అలా ఏళ్ళు గడిచాయి. మా ఇళ్ళన్నిటి మీదా సిక్ అని రాసి ఉంది. ఆయన ఒక్కడే లైను మీద ఉన్నాడు.

అప్పుడు పూజల రోజులొచ్చాయి. మా ఊళ్ళో దుర్గాపూజ అంటే గాలి కూడా మైకులోంచే వస్తుంది. ఆదివారం ఉదయం మేము కూర్చున్నాం. రొట్టె విరవబోయే ముందు అందరం నిశ్శబ్దంగా తలలు వంచుకున్నాం. వీధి చివర పందిట్లో ఎవరో హార్మోనియం మొదలుపెట్టారు. మంచి చెయ్యి. మా తలలు వంగే ఉన్నాయి గానీ మనసులు పందిట్లోకి పోయాయి. ఆయన కుడిచెవి మెల్లగా అటు తిరిగింది. ఆ హార్మోనియంలో ఒక మెట్టు నొక్కినప్పుడల్లా చిన్న కీచు. మాది అలాగే కీచుమనేది.

ఆయన లేచి లోపలికెళ్ళాడు. మంచం కింద వంగి చూసిన చప్పుడైంది. దుప్పటి ఒక్కటే ఉందట. ఆయనకో కొడుకున్నాడు. తండ్రి డ్యూటీకి పోయినప్పుడల్లా వాడు దాన్ని బయటికి లాగి నేర్చుకున్నాడు. ఇప్పుడు పూజ పందిట్లో కూర్చుని, వాడంతా ‘వాహ్ దాదా’ అంటుంటే వాయిస్తున్నాడు. తల్లికి తెలుసా అంటే, ఆమెకి అన్నీ తెలుసు.

ఆయన తిరిగొచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"నా కుమారుడు నా స్వాధీనములో లేడు. నేను అనర్హుడను. ఈ దినమునుండి ఈ సంఘమునకు పెద్ద లేడు. పెద్ద లేనిచోట బల్ల లేదు."

అని రొట్టె మీద గుడ్డ కప్పేశాడు. మార్తమ్మ రొట్టె ఆ రోజు విరవలేదు.

మేము మొదట ఎంత నిజాయితీ అనుకున్నాం. తన మీద తనే సిక్ రాసుకున్న మనిషిని ఎక్కడ చూస్తాం. నేనూ ఆయన్ని మెచ్చుకున్నాను. ఒక్క వారం. ఆ వారం తర్వాత స్టోర్సు గుమాస్తా లేచి, "అయితే మనమంతా ప్రార్థన చేసి వేరే పెద్దల్ని ఎన్నుకుందాం అన్నగారూ" అన్నాడు.

"ఎన్నుకొనుటకు మీరెవరు? పెద్దను నియమించవలసినది పెద్ద. పెద్ద లేడు."

తలుపు లోపలినుంచి తాళం వేసుకుని తాళంచెవి మింగేసిన మనిషిని మీరు చూశారో లేదో. నేను చూశాను. పైగా ఆ కుర్చీ వదల్లేదు. పెద్ద కాదట, కానీ ఏ పాట పాడాలో ఆయనే చెబుతాడు. ఎవరి ప్రార్థన పొడుగైందో, ఎవరి భార్య ముసుగు జారిందో, ఎవరి ఉపదేశం దారి తప్పిందో అన్నీ ఆయనే చెబుతాడు. అగ్గిపుల్లా మానలేదు. ముందు ఒక్కడే ఏలడం తప్పన్నాడు, ఒక్కడే ఏలాడు. ఇప్పుడు ఏలడం లేదన్నాడు, ఏలుతూనే ఉన్నాడు.

స్టోర్సు గుమాస్తా మిషను చర్చికి తిరిగిపోయి తన ముందు బెంచీలో కూర్చున్నాడు. హిజ్లీ కుర్రాడు సైకిలు ఇటు తిప్పడం మానేశాడు. బదిలీల మీద కొందరు పోయారు. నేనూ దానయ్యా ఇంకొందరం మిగిలాం. ఎందుకు మిగిలామంటే మార్తమ్మప్ప కోసం. శనివారం సాయంత్రం ఆమె ఆయన గుమ్మం దగ్గరకొచ్చి అడిగేది.

"ఈ ఆదివారం ఉంటాదా బాబూ? గోధుమలు ఇసరమంటావా?"

"ప్రభువు చిత్తము" అనేవాడు, తల ఎత్తకుండా.

ప్రభువు చిత్తం అంటే లేదని అర్థం. అది ఆమెకీ తెలుసు. అయినా మళ్ళీ శనివారం వచ్చి నిలబడేది. దేవుడి పేరుతో చెప్పే అబద్ధాలన్నిట్లోకీ నాకు రోత పుట్టించేది ఆ రెండు మాటలే.

అలా కొన్నేళ్ళు అడిగి అడిగి ఆమె మంచం పట్టింది. కాళ్ళు నీరుపట్టి, ఊపిరి ఆయాసమై, రైల్వే ఆసుపత్రిలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కొడుకు డ్యూటీకి పోతే, పక్క క్వార్టరు బెంగాలీ ఇల్లాలు పగలంతా దగ్గర కూర్చుని విసనకర్రతో విసిరేది. మార్తమ్మ ఆమెని దీదీ అనేది, ఆమె మార్తమ్మని దీదీ అనేది. ఇద్దరిలో ఎవరు అక్కో ఇద్దరికీ పట్టలేదు.

నేనూ దానయ్యా వెళ్తే మార్తమ్మ ఒక్కటే అడిగింది.

"నాను పోయీలోగా ఒక్కసారి రొట్టి తినాలి బాబూ. బల్ల రొట్టి."

"దానికేముంది అప్పా, మిషను చర్చి పాస్టరుగార్ని రేపే తీసుకొస్తాను" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "అది మనుసుల బల్లని అన్నగారు సెప్పినారు గదా. సివరాఖరికి అది తిని ఎల్లమంటావా? ఆయన్నే రమ్మను."

అంటే ఆమెకి ఉన్న తలుపులన్నీ ఆయనే మూశాడు. తీసి ఉంచిన ఒక్కటీ ఆయనదే. దానికి ఆయనే అడ్డంగా కూర్చున్నాడు.

ఇద్దరం ఆయన దగ్గరకు వెళ్ళాం. కుర్చీలో వాలి చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు. విషయం చెప్పాం. పుల్ల తీసి చూసుకున్నాడు.

"మీరు నన్నడుగుచున్నది అక్రమము. పెద్ద లేని సంఘములో బల్ల ఎట్లు వేయుదును?"

"బల్ల ఎయ్యొద్దు. సంఘం వొద్దు" అన్నాడు దానయ్య. "ముసిల్దానికి ముక్క రొట్టి పెట్టండి. అంతే."

"వాక్యము మన జాలిని బట్టి మారదు."

"మరి తమరి కొడుకు హార్మోనియం వాయిస్తే మారిందే" అన్నాను నేను. "అంతకు ముందు ఆదివారం ఉన్న బల్ల తర్వాత ఆదివారం లేకుండా పోయింది."

ఆయన పుల్లని కుర్చీ అడుగున రాశాడు. లోపల ఆయన భార్య నిలబడి ఉన్న నీడ తలుపు మీద పడింది.

"పిలుచుచున్నది గనుక వచ్చెదను. వాక్యము చదివి ఆదరించెదను. అంతవరకే."

మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. తెల్లచొక్కా, చంకలో గ్రంథం. చెప్పులు విప్పలేదు, గడప దాటలేదు. దీదీ లేచి ముక్కాలిపీట తుడిచి, "బోషున్ దాదా" అంది. కూర్చోమన్నా ఆయన కూర్చోలేదు. మంచం పక్కన చెక్కపెట్టె మీద కంచంలో రొట్టె ఉంది, గిన్నెలో ఎండుద్రాక్ష పిండిన రసం ఉంది. ఆ పళ్ళు దానయ్య బజారంతా తిరిగి తెచ్చాడు. ఆయన కళ్ళు ముందు రొట్టె మీద పడ్డాయి.

"ఎవరు చేసిరి?"

"నాను లెగలేను గదా" అంది మార్తమ్మ. "నాను సెప్పినాను, దీదీ పిసికింది."

ఆయన ముక్కుపుటాలు బిగిశాయి. దీదీ చేతి గాజులు చూశాడు, పాపిట్లో సిందూరం చూశాడు. ఏమీ అనకుండా గ్రంథం తెరిచి, ప్రభువు రొట్టెను అయోగ్యంగా తినేవాడికి ఏమవుతుందో చెప్పే చోటు తీశాడు. తీసి, గడప అవతల నిలబడి చదివాడు. అక్కడితో ఆగకుండా పేజీలు తిప్పి, పెద్దల లక్షణాలు చదివాడు. పరాయి నిప్పు తెచ్చిన యాజకులు కాలిపోయిన కథ చదివాడు. చావబోయే మనిషికి కాలిపోయినవాళ్ళ కథ. దానయ్య నేలచూపులు చూస్తున్నాడు. దీదీకి తెలుగు రాదు గనక అది మంచిమాటే అనుకుని చేతులు జోడించి కూర్చుంది. 

మార్తమ్మ చివరిదాకా విన్నది.

"బాగా సదివినావు బాబూ" అంది.  "ఒక మాట సెప్పు. నువ్విప్పుడు పెద్దవేనా?"

"కాను. అది అందరి యెదుట చెప్పితిని."

"మల్లీ నిన్నెవులైనా పెద్దని సేసినారా?"

"లేదు."

"మరి నన్నొద్దనడానికి నువ్వెవులివి?"

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఇన్నేళ్ళు ఆయన చెప్పిందే ఆయనకి అప్పజెప్పి, ఇందులో నాకొక్కటి అర్థం కాలేదు, విప్పి చెప్పు అన్నట్టు అడిగింది. ఆయన నోరు తెరిచాడు. అన్నిటికీ వాక్యం చూపించే మనిషి పేజీలు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. 

మార్తమ్మ దీదీ భుజం పట్టుకుని కొంచెం లేచింది. రొట్టె ఒళ్ళో పెట్టుకుంది.

"నాయినా, నీ పిల్లలికి ఆకలేస్తంది. నువ్వెట్టినావు, తింతన్నాం."

అంతే ప్రార్థన. ఆమేన్ అన్నవాడు దానయ్య. రొట్టె విరిచి ముందు తను ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. ఆ మొహం గురించి నేను పెంచి చెప్పను, తగ్గించీ చెప్పను. తర్వాత దానయ్యకి ఇచ్చింది, నాకు ఇచ్చింది. ఒక ముక్క దీదీ వైపు చాపింది. దీదీ మా మొహాలు చూసి, రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని తిన్నది.

"ఆమె బాప్తిస్మము పొందలేదు" అన్నాడాయన గుమ్మంలోంచి.

"పిండి పిసికినమ్మకి పెట్టకండా ఎలాగ బాబూ" అంది మార్తమ్మ. ఇంకో ముక్క విరిచి చెయ్యి గుమ్మం వైపు చాపింది. "ఇంద. నువ్వూ తినీసి సాన్నాళ్ళయింది గదా."

 ఆయన రెండు చేతులూ గ్రంథం మీద ఉన్నాయి. దానయ్య లేచి ఆ ముక్క తీసుకెళ్ళి ఆయన ముందు పట్టాడు. ఆయన దానికేసి చూశాడు. జేబులోంచి రుమాలు తీసి, రెండు వేళ్ళతో ఆ ముక్కని పట్టుకుని, రుమాల్లో పెట్టి, నాలుగు మడతలు మడిచాడు.

"దీనిని భుజింపవచ్చునో లేదో వాక్యములో పరిశీలించి చెప్పెదను" అన్నాడు.

రుమాలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను గుమ్మంలోకొచ్చి చూశాను. వీధి కుళాయి దగ్గర ఆగాడు. గ్రంథం చంకలో జాగ్రత్తగా బిగించి, ఆ రెండు వేళ్ళూ కడుక్కున్నాడు. ఒకసారి కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడిగాడు. జీవితంలో చాలా రోతలు చూశాను, యార్డులో పని చేసినవాణ్ణి. ఆ నీళ్ళు కాలవలోకి పోతుంటే ఉమ్మేశాను.

"ఎల్లి పట్టుకొచ్చీమంటావా అప్పా?" అన్నాడు దానయ్య, పిడికిళ్ళు బిగించి. "నేదంటే ఆ ముక్క నోరిప్పి కూరీసి వొస్తాను."

"ఒగ్గీరా" అంది మార్తమ్మ, దిండుకి ఆనుకుంటూ. "పారెయ్యనేదు గదా, కూడా అట్టుకెల్లినాడు. ఆకలేసిన నాడు తింటాడు. ఆ గిన్నె ఇలాగందుకో."